మన మెరుగని మన జట్టు

సోదరీమణులారా, ఆటలను గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుట యేల యని మీలో కొందఱకు తోపవచ్చును. పప్పు వండు విధమును గూర్చియో, పసిబిడ్డల జలుబును గూర్చియో వ్రాసినచో నలుగురకు నుపయోగించును గాని, పదునొకండుగురు మగవారు తోలుబంతి వెంట పరుగులెత్తిన కథ మనకేమిటికి? ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి మా సమాధానమిది. బంతి వెంట పరుగెత్తువాడు ఆకాశమునుండి యూడిపడడు. ఒక యింటినుండి పోయి యొక యింటికే మరలివచ్చును. అతని మట్టిబట్టల నుదికినదియు, మోకాటి దెబ్బకు పసుపు వేసి కట్టినదియు, చదువు పాడగుచున్నదని తండ్రి కోపించినపుడు నడుమ నిలిచినదియు నొక స్త్రీయే. ఒక యూరిలో ఆట బ్రతికినను చచ్చినను ఆ సంగతి మొదట ఆ యూరి యిండ్లలోనే తెలియును. కావున ఇది మన సంగతియే.

మేము కృష్ణాజిల్లా పెడనవారము. మా యూరి పేరు చెప్పగానే మీకు అద్దకపు చీరలు, దుప్పట్లు, తెరలు జ్ఞప్తికి వచ్చును. బందరు కలంకారీ యని లోకము పిలుచు పని మిక్కిలిగ సాగుచున్నది మా పెడనలోనే. మగ్గముల చప్పుడు, కరక్కాయ నీటి వాసన, ఎండలో పఱచిన గుడ్డల వరుసలు, ఇవియే మేము కాపురమునకు వచ్చిననాటినుండి చూచుచున్నవి. కాలిబంతికిని మా యూరికిని పెద్ద సంబంధము లేదు. అయినను మా మామగారి పినతండ్రిగారొకరు 1957లో ఉద్యోగమునకై హైదరాబాదు పోయి, పింఛను పుచ్చుకొనువఱకు అచ్చటనే యుండిరి. వారు సెలవులకు వచ్చినపుడెల్ల వీధియరుగుపై కూర్చుండి ముఖ్యముగ రెండు సంగతులు చెప్పెడివారు. ఒకటి హైదరాబాదు చలి. రెండవది హైదరాబాదు పోలీసుల కాలిబంతి జట్టు. ఆ రెండవది మాకొక కథవలె నుండెడిది. వారు పోయిన తరువాత, వారి మాటలు చెవిలో మెదలుచుండగా, దొరకిన పుస్తకములును పాత పత్రికలును చదివితిమి. వారు చెప్పినది నిజమగుటయే గాక, కొంత తక్కువగనే చెప్పిరని తెలిసినది.

ఈ యాట మన దేశమునకు ఆంగ్లసైనికులతో వచ్చినది. 1888లో సిమ్లా కొండమీద డ్యూరాండు దొర పేరిట ఒక పోటీ యేర్పడెను. మొదటి యేటి తుదియాటలో గెలిచినది రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్సు. ఓడినది హైలాండు లైట్ ఇన్‌ఫంట్రీ. రెండును స్కాట్లాండు పటాలములే. తరువాత 1893 మొదలు 1895 వఱకు వరుసగా మూడేండ్లు ఆ హైలాండు పటాలమువారును, 1897 మొదలు 1899 వఱకు బ్లాక్ వాచ్ అను మఱియొక స్కాట్లాండు పటాలమువారును గెలిచిరి. బొంబాయిలో రోవర్సు కప్పు అను పోటీ 1891లో ప్రారంభమయ్యెను. అందును చాలకాలము తెల్లవారి పటాలములదే పైచేయి. రోవర్సు కప్పును మనదేశపు జట్టు మొదట చేతబట్టినది 1937లో. అది బెంగుళూరు ముస్లిముల జట్టు. డ్యూరాండు కప్పు 1940లో కలకత్తా మొహమ్మదన్ స్పోర్టింగువారికి దక్కెను. ఏబది సంవత్సరములు మనవారు గీతకు వెలుపల నిలుచుండి చూచిన యాట యది యని మనము గుర్తుంచుకొనవలెను.

అట్టి కాలమున హైదరాబాదు నగర పోలీసుశాఖలో ఒక జట్టు పుట్టినది. అందలివారు జమీందారుల బిడ్డలు కారు, కళాశాలలలో చదివిన శ్రీమంతులును కారు. చిన్న జీతములపై పోలీసు కొలువు చేసికొను సామాన్యులు. 1943లో వీరు బెంగుళూరు పోయి, ఆష్ గోల్డ్ కప్ అను పోటీలో రాయల్ ఎయిర్ ఫోర్సు జట్టును ఓడించి వచ్చిరి. యుద్ధము జరుగుచున్న దినములు, తెల్లదొరల ప్రభుత్వము. విమానదళపువారి జట్టును ఒక సంస్థానపు పోలీసులు గెలుచుట ఆనాడు చిన్న మాట కాదు.

ఈ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీము గారు. వీరు 1909లో హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ మాధ్యమిక పాఠశాల మొదలైన బడులలో ఉపాధ్యాయులుగా నుండిరి. 1943లో హైదరాబాదు కాలిబంతి సంఘమునకు కార్యదర్శి యైరి. 1950 మొదలు తాము మరణించువఱకు పోలీసుజట్టునకు శిక్షకులుగా నుండిరి. మంచి బడిపంతులునకుండు రెండు గుణములు వీరియందు నిండుగ నుండెను. బిడ్డలో ఏమి యున్నదో ముందుగ కనిపెట్టుట యొకటి. తాను చెప్పునది బిడ్డ మరువకుండునట్లు చెప్పుట రెండవది.

రహీము గారు పెట్టిన పరీక్షలు వినిన మనకు వింతగ నుండును. ఎవ్వడును బంతిని తనయొద్ద నుంచుకొని ఒంటరిగ పరుగెత్తరాదు, వచ్చినది వచ్చినట్లే తోడివానికి అందింపవలెను అను నియమముతో పోటీలు నడపిరి. కుడికాలివాటము గలవాడు ఎడమకాలితోనే ఆడవలెనని మఱికొన్ని పోటీలు పెట్టిరి. ఎడమచేతితో ముగ్గు వేయుమన్నచో మనకెంత కష్టమో ఊహించుకొనుడు. కాని నెలనాళ్లు వేసినచో చేయి తిరుగును. వారి జట్టునందును అట్లే జరిగెను. బంతి యొకని కాలినుండి వేఱొకని కాలికి ఆగక పోవుచుండ, ఎదుటివారు ఎవ్వని వెంట పరుగెత్తవలెనో తెలియక నిలిచిపోయెడివారట.

ఈ సంగతి చదివినపుడు మాకు మా యూరి యద్దకపు పనియే కన్నులయెదుట నిలిచినది. టేకుకొయ్యపై అచ్చు చెక్కువాడు వేఱు. గుడ్డను కరక్కాయ పాలలో ముంచి యారవేయువారు వేఱు. ఇనుము బెల్లము పులియబెట్టి నల్లరంగు తీయువారు, పటిక కలిపి ఎఱుపునకు అచ్చు వేయువారు, పారునీట జాడించువారు, రంగు కాగులలో ఉడికించువారు, అందఱు వేఱువేఱు. ఏ యొక్కడును చీర నేను చేసితినని చెప్పజాలడు. ఒకని చేతిలో పని ఆగినచో గుడ్డ యంతయు చెడును. అందుచేత పనివాండ్రలో పేరు తెచ్చుకొనువాడు గట్టిగ అద్దువాడు కాదు. తరువాతివానికి పని సుళువగునట్లు అందించువాడు. రహీము గారు కాలిబంతిలో నేర్పినది ఈ నీతియే. మన యిండ్లలోను ఇంతకు మించిన నీతి లేదు. నలుగురు తోడికోడండ్రు గల వంటయింట ఈ నేర్పు లేనిచో పొయ్యి మీది యన్నము మాడును.

ఇక ఆ జట్టు సాధించిన విజయములు. 1950, 1951, 1952, 1953, 1954 సంవత్సరములలో వరుసగా ఐదు మారులు బొంబాయి రోవర్సు కప్పును హైదరాబాదు పోలీసులు గెలిచిరి. ఆ పోటీ చరిత్రలో వరుసగా ఐదేండ్లు గెలిచిన జట్టు మఱియొకటి లేదు. తరువాత 1957లో నొకసారి గెలిచిరి. రాష్ట్రమేర్పడిన పిమ్మట ఆంధ్రా పోలీసులను పేరుతో 1960లోను, 1962లో ఈస్టు బెంగాలు జట్టుతో కలిసియు, 1963లోను అదే కప్పును పొందిరి. స్వాతంత్ర్యానంతరము డ్యూరాండు పోటీ 1950లో మరల మొదలయ్యెను. ఆ యేటి తుదియాటలో కలకత్తా మోహన్ బగాన్ జట్టుతో మొదటిదినము సరిసమానముగ నిలిచి, రెండవసారి ఆడినపుడు ఒక గోలుతో గెలిచిరి. 1954, 1957, 1961 సంవత్సరములలోను డ్యూరాండు కప్పు వీరిదే. రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీ పోటీలో 1956–57లోను, 1957–58లోను హైదరాబాదువారు జయించిరి. దేశమున కాలిబంతి యనగా కలకత్తాయే యని యందఱు తలచుచుండిన రోజులలో దక్కను పీఠభూమినుండి పోయిన పోలీసులు చేసిన పని యిది.

1952లో హెల్సింకీ ఒలింపిక్సునకు పోయిన మన జట్టునకును రహీము గారే శిక్షకులు. అచ్చట యుగోస్లావియా చేతిలో ఒకటికి పది గోలులతో పరాజయము కలిగెను. మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడిరి. ఆ చలిలో, ఆ తడినేలపై వట్టికాళ్లు పనికిరావని తేలినది. రహీము గారు దానితో కృంగిపోక మరల మొదటినుండి కట్టుకొని వచ్చిరి. నాలుగేండ్లకు మెల్బోర్ను ఒలింపిక్సు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1956 నవంబరు 1వ తేదీన ఏర్పడెను. సరిగ్గ నెలనాళ్లకు, డిసెంబరు 1న, మన జట్టు ఆస్ట్రేలియాను వారి దేశముననే 4–2 గోలులతో ఓడించెను. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు వేసెను. జట్టులో హైదరాబాదువారగు అజీజ్, నూర్ మొహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ మొదలగువారుండిరి. తుదకు మనకు నాలుగవ స్థానము దక్కెను. ఒలింపిక్సు కాలిబంతిలో భారతదేశము అంతకుమించి యెన్నడును పోలేదు.

ఇందు బలరామ్ గారిని గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. వీరు 1936లో సికింద్రాబాదు ప్రక్కనున్న అమ్ముగూడలో ఒక బీద తమిళ కుటుంబమున పుట్టిరి. పిల్లవాడుగ నుండగ బూట్లు కొనుటకు డబ్బులేక, పోలీసులు పాఱవేసిన పాతబూట్ల తోలుతో చెప్పులు కుట్టువానిచే బూట్లు చేయించుకొంటినని, అందులకు రెండు రూపాయలకై తల్లిని బతిమాలుకొంటినని వారు పెద్దతనమున చెప్పుకొనెడివారు. 1960లో రోము ఒలింపిక్సున హంగరీ మీదను పెరూ మీదను మనకు గోలులు వేసినది ఈ బలరామ్ గారే. 1962లో అర్జున పురస్కారము వచ్చినది. 2023లో వీరు కాలధర్మము నొందిరి. కప్పుల వివరము లెన్ని చదివినను మా మనస్సునకు పట్టినది మాత్రము ఆ తల్లి యిచ్చిన రెండు రూపాయలే. బీదయింట ఆనాడు రెండు రూపాయలనగా ఎన్నిపూటల కూరయో ఆమెకు తెలియును. తెలిసియే యిచ్చినది.

1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో ఆసియా క్రీడల తుదియాట. మొదటి పందెములో మనలను ఓడించిన దక్షిణ కొరియాయే మరల ఎదురైనది. నిండిన మైదానము మనవారికి ప్రతికూలముగ కేకలు వేయుచుండెను. పి. కె. బెనర్జీ, జర్నైల్ సింగు చెరియొక గోలు వేయగ 2–1తో బంగారుపతకము మనకు దక్కెను. రహీము గారు అప్పటికే కేన్సరు వ్యాధితో క్రుంగియుండిరి. తొమ్మిది నెలలు గడచిన తరువాత, 1963 జూన్ 11న, వారు పరమపదించిరి. అప్పటి పతకమే ఆసియా క్రీడలలో మన కాలిబంతికి చివరి బంగారము. ఒక బడిపంతులు పోయినంతనే ఇంత పెద్ద దేశమున ఒక విద్య యెట్లు సన్నగిల్లినదో చూడుడు. 2024లో రహీము గారి జీవితమునుబట్టి మైదాన్ అను హిందీ చలనచిత్రము వచ్చువఱకు మన పిల్లలలో వారి పేరు విన్నవారెందఱు?

జట్టు ఎట్లు క్షీణించినదని మీరడుగవచ్చును. పెద్ద రహస్యమేమియు లేదు. కలకత్తా క్లబ్బులు మంచి యాటగాండ్రను పిలిచికొనిపోయెను. బలరామ్ గారు 1957లోనే ఈస్టు బెంగాలునకు పోయిరి. రహీము గారి తరువాత అంతటి గురువు దొరకలేదు. క్రికెట్టునకు ధనమును మోజును పెరిగినవి. రోవర్సు పోటీయే 2001 తరువాత నిలిచిపోయినది. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. యను క్రొత్త జట్టు పుట్టి, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్సును ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచినపుడు పాతకాలము మరలివచ్చెనని కొందఱు సంతోషించిరి. కాని 2025లో ఆ జట్టు చేతులు మారి ఢిల్లీకి తరలిపోయినది. ధనముతో వచ్చిన జట్టు ధనముతోనే పోయినది. ఆపుమని కన్నీరు పెట్టిన యిండ్లు ఎన్ని యుండెనో మాకు సందేహమే.

ఇచ్చట స్కాట్లాండు వారి ఉదాహరణ మొకటి చెప్పుట యుచితమని తోచుచున్నది. వారికి కాలిబంతితోపాటు రగ్బీ యను ఆటయు మిక్కిలి ప్రియము. అందు కోడిగ్రుడ్డువంటి బంతిని చేతబట్టి పరుగెత్తుదురు. ఆ దేశపు దక్షిణభాగమున మెల్రోజ్ అను చిన్న యూరిలో 1877లో ఒక రగ్బీ క్లబ్బు వెలసినది. కొలది యేండ్లలో దానికి డబ్బు కటకట వచ్చినది. నెడ్ హెయిగ్ అను మాంసపు కొట్టువాడు ఆ జట్టులో ఆడుచుండెను. ఊరిలో ఆటల పండుగ జరిపి చందాలు కూర్చుదమని అతడు తలచెను. పదునైదుగురేసి యాడు ఆటలు ఒక్క మధ్యాహ్నములో అన్ని జట్లకు చాలవు గనుక, జట్టునకు ఏడుగురేసి చాలునని యతనికి తట్టినది. 1883 ఏప్రిల్ 28న ఆ పోటీ జరిగెను. మెల్రోజువారే పొరుగూరు గాలా జట్టును ఓడించిరి. గెలిచినవారికి బహుమతిగ కప్పు నిచ్చినది ఎవరనుకొన్నారు? ఆ యూరి స్త్రీలు. మెల్రోజ్ స్త్రీలందఱు కలిసి యిచ్చిన కప్పు గనుక అది లేడీస్ కప్పు అని పేరుపొందినది. ఏడుగురి రగ్బీ ప్రపంచమంతట వ్యాపించి, 2016లో రియో ఒలింపిక్సున పురుషులకును స్త్రీలకును పోటీగ చేరినది. ఆ క్లబ్బు నేటికిని బ్రతికియున్నది.

మఱియొక చిత్రము. కలకత్తాలోని తెల్లవారు 1870 ప్రాంతమున ఒక రగ్బీ క్లబ్బు పెట్టిరి. కొలది యేండ్లకే సభ్యులు తగ్గి 1878లో దానిని మూసివేయవలసివచ్చెను. అప్పుడు బ్యాంకిలో మిగిలిన 270 వెండి రూపాయలను బయటికి తీసి, కరగించి, మన దేశపు పనివారిచే ఒక కప్పు చేయించిరి. పిడులు మూడు నాగుపాములు, మూతపై ఏనుగు. దానిని ఇంగ్లండునకు పంపిరి. 1879 మొదలు ఇంగ్లండు, స్కాట్లాండు జట్లు ఆ కలకత్తా కప్పు కొఱకే పోటీపడుచున్నవి. చచ్చిపోయిన యొక చిన్న క్లబ్బు తన జ్ఞాపకమును తాను కాపాడుకొన్నది. ఐదేండ్లు వరుసగ దేశమును గెలిచిన మన జట్టు పేరు మన పిల్లలకు తెలియదు. భేద మెచ్చట నున్నది? బలములో లేదు. నిలుపుకొను నేర్పులో నున్నది. వస్తువులను నిలుపుకొను నేర్పు మన స్త్రీలకు క్రొత్తది కాదు. అమ్మమ్మ యిచ్చిన గంధపుగిన్నెను మనుమరాలికి అప్పగించువారము మనమే కదా.

ఈ తలపుతో నుండగనే మా యింట నొక సంగతి జరిగినది. మా చెల్లెలి కూఁతురు చదువునకై మా యొద్ద నున్నది. పదుమూడేండ్లది. బడిలో కాలిబంతి ఆడుచు, జిల్లాపోటీలకు బడి జట్టులో ఎంపికయ్యెను. రెండు రాత్రులు వేఱొక యూరిలో ఉండవలెను. ఇంట పెద్దలు ససేమిరా యనిరి. మా యత్తగారు మమ్ము పిలిచి, "ఆడపిల్ల నడిమైదానంలో బంతి తన్నడమేమిటే అమ్మాయీ? కాలు విరిగితే రేపు ఎవరు చేసుకుంటారు?" అనిరి. పిల్ల మా కొంగు పట్టుకొని, "పెద్దమ్మా, నేను వెళ్లకపోతే నా చోట ఎవ్వరూ లేరు; మా జట్టు పదిమందితోనే ఆడాలి" అన్నది. అది యేడ్చియున్నచో మేము బుజ్జగించి యుందుము. తన కొఱకు గాక తోడివారి కొఱకు మాటలాడుటచే మాకు నోట మాట రాలేదు. రహీము గారు కోరిన గుణము అదియే కదా.

మేము అత్తగారితో వాదింపలేదు. ఆ సాయంకాలము పప్పు రుబ్బుచు బలరామ్ గారి తల్లి కథ చెప్పితిమి. ఇంగ్లండులో 1920 డిసెంబరున ఆడువారి కాలిబంతి చూచుటకు ఏబదిమూడువేలమంది చేరిన సంగతియు, మరుసటి సంవత్సరమే ఆ యాట ఆడువారికి తగదని చెప్పి, 1971 వఱకు వారికి మైదానములు ఈయకుండ పెద్దలు నిషేధించిన సంగతియు చెప్పితిమి. నిజామాబాదు జిల్లాలో బీద లంబాడీ కుటుంబమున పుట్టిన గుగులోతు సౌమ్య భారతజట్టులో ఆడి, 2024–25 సంవత్సరమునకు దేశమున ఉత్తమ క్రీడాకారిణి యనిపించుకొన్నదనియు చెప్పితిమి. అత్తగారు చాలసేపు మాటలాడలేదు. పొత్రము త్రిప్పుచు తుదకు, "ఏబదియేండ్లు మైదానమే ఇవ్వలేదా?" అని యడిగిరి. అవునంటిమి. "వాళ్లు దొరలు గదా, వాళ్లకూ ఇదే బుద్ధి గాబోలు" అనిరి. మరునాడు ఉదయమున పిల్ల సంచిలో వారే చేగోడీల పొట్లముంచిరి. ఆపుమన్న మాట మరల రాలేదు.

పిల్ల జట్టు మొదటి పందెముననే ఓడినది. మూడు గోలులు తిని, ఒకటి వేసి వచ్చిరి. అయినను ఆ పిల్ల యింట అడుగుపెట్టునపుడు తలయెత్తుకొనియే వచ్చినది. మోకాలు కొట్టుకొనిపోయియున్నది. అత్తగారు పసుపు వేసి కట్టి, ఎవ్వరు కొట్టిరని యడిగి, ఆట యనగానే యూరకుండిరి. మేము ఆశించిన జయమంతయు అదియే.

గత సంక్రాంతికి మా వీధి స్త్రీలము కలిసి చందాలు వేసికొని యొక ఇత్తడిబిందె కొంటిమి. దానిమీద మా యూరు పేరు చెక్కించి, చుట్టుప్రక్కల బడులలోని ఆడపిల్లల కాలిబంతి పోటీకి బహుమతిగ నిచ్చితిమి. గెలిచినవారు ఏడాదిపాటు తమ బడిలో నుంచుకొని, మరుసటి సంక్రాంతికి తిరిగి తేవలెనని నియమము. ఆటగత్తెలకు చిన్నపతకములు చిలకలపూడి బంగారముతో చేయించితిమి. "బిందె కోసం బంతి తన్నుతారా?" అని కొందఱు మగవారు నవ్విరి. నాలుగు జట్లు వచ్చినవి. ముసలమ్మలు కుర్చీలు తెచ్చుకొని కూర్చుండి, ఆట తెలియకపోయినను ఓడుచున్న జట్టునే పొగడుచు చూచిరి. బిందె యిప్పుడు ఒక బడి ప్రధానోపాధ్యాయుని గదిలో నున్నది. అందులో నీరు పోసి త్రాగుచున్నారని వింటిమి. దానికి మాకు సంతోషమే.

సోదరీమణులారా, మీ మీ గ్రామములలో మీరు చేయవలసినది గొప్పపని కాదు. బడి యాటస్థలములో ఎవ్వరైన పాక వేయబోయినచో ముందుగ అడ్డుచెప్పుడు. సాయంకాలము ఒక గంట ఆటకు పోవు పిల్లను నీళ్లకై వెనుకకు పిలువకుడు. ఆటనుండి వచ్చిన బిడ్డను ఎంత చదివితివని యడుగుటకు ముందు ఎట్లు ఆడితివని యడుగుడు. హైదరాబాదు పోలీసుల కథ రాత్రి అన్నము పెట్టునపుడు రాముని కథతోపాటు చెప్పుడు. రహీము గారు, బలరామ్ గారు, వట్టికాళ్లతో మొదలుపెట్టి ఒలింపిక్సు వఱకు పోయిన ఆ సామాన్యులు మనవారని పిల్లలకు తెలియవలెను. కప్పులు బీరువాలలో నల్లబడిపోవును; రికార్డులు ఎవ్వరును విప్పని పుస్తకములలో నుండును. తల్లి నోటినుండి బిడ్డ చెవిని బడిన పేరు మాత్రము రెండు తరములైనను బ్రతుకును. ఆ పని మనకంటె బాగుగ చేయగలవారు లేరు.